శనివారం సూది

కిందటి వారం భాగంలో, రక్తపరీక్షలు చేసే చుక్కని మనం ల్యాబు గదిలో, చేతిలో ఒక రిపోర్టుతో నిలబడి ఉండగా వదిలేశాం. ఆ రిపోర్టు ఆమె అక్కది కాదు. అక్క రక్తంలో హెపటైటిస్ సి వైరస్ చేరి ముప్ఫై ఏళ్ళు దాటిందని అంతకు మూడు రోజుల ముందే తేలిపోయింది. ఈ రెండోది అక్క మతిమరుపుకి ఆరేళ్ళుగా మందిస్తున్న డాక్టరుది. హెర్నియా ఆపరేషనుకి ముందు చేయించుకోవాల్సిన పరీక్షల కోసం ఆయన చుక్క పనిచేసే ల్యాబుకే వచ్చాడు. చుక్కే రక్తం తీసింది. అందులో వైరస్ లేదు. ఒకప్పుడు ఉండేదన్న గుర్తు మాత్రం ఉంది.

ఆ డాక్టరు ఒకప్పుడు ఎక్కడ పనిచేశాడో చుక్కకి తెలుసు. అక్క పనిచేసిన బిస్కెట్ ఫ్యాక్టరీలో, గేటు పక్క డిస్పెన్సరీలో.

పదకొండు రోజులు గడిచాయి. ఈ పదకొండు రోజులూ చుక్క మామూలుగానే పనికి వెళ్ళింది. "పిడికిలి బిగించండి, ఇక వదిలెయ్యండి" అంటూ మామూలుగానే వచ్చినవాళ్ళ చేతుల్లోంచి రక్తం తీసింది. ఇంటికొచ్చి అక్కకి తల దువ్వింది. ఎవరిమీదా గొంతు పెంచలేదు. తనలో తను నవ్వుకోవడం చూసి తోటి టెక్నీషియను "ఏంటే, మంచి కబురా?" అని అడిగింది.

"నాకు మంచిదే," అంది చుక్క.

పన్నెండో రోజు ఉదయం పదకొండు గంటలకి అక్కని చెయ్యి పట్టుకుని మెమరీ క్లినిక్ మెట్లెక్కించింది.

అక్కకి యాభై ఆరేళ్ళు. బస్సులో లేచి సీటిచ్చేవాళ్ళు డెబ్భై అనుకుంటారు. బుగ్గలు లోపలికి పోయాయి. ముంజేతుల మీద చర్మం వదులై, చిన్న దెబ్బకే నల్లగా కమిలిపోతోంది. ఒకప్పుడు ప్యాకింగ్ సెక్షనుకి ఆమె ఇన్‌ఛార్జి. ఎనభైమంది ఆడవాళ్ళు 'పెద్దక్కా' అని పిలిచేవాళ్ళు. ఎవరు ఎవరితో షిఫ్టు మార్చుకున్నారో, ఎవరి బిడ్డకి జ్వరమో, ఎవరికి అత్తగారితో పడటం లేదో కాగితం చూడకుండా చెప్పేది. ఇవాళ పొద్దున అదే మనిషి, ఏ చెప్పు ఏ కాలికో తేల్చుకోలేక, రెండూ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. చుక్క వంగి తొడిగింది. తొడుగుతూ ఆరేళ్ళు లెక్క కట్టుకుంది.

చుక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. గడ్డం మీద పుట్టుమచ్చ చూసి అక్క పెట్టిన పేరే నిలిచిపోయింది. తల్లి పోయేసరికి చుక్కకి ఐదేళ్ళు, అక్కకి పందొమ్మిది. ఆ తర్వాత తల్లీ తండ్రీ అన్నీ అక్కే. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళని కూడా "దీని చదువు అవ్వనీ" అని పంపించేసింది. చదువయ్యేసరికి అడిగేవాళ్ళు మానేశారు.

"రండమ్మా, రండి. ఎలా ఉన్నారు పెద్దక్కగారూ?"

డాక్టరు లేచి నిలబడి మరీ పలకరించాడు. మాట మెత్తన, చెయ్యి మెత్తన. ఫ్యాక్టరీలో ఆయన్ని చాటుగా 'వెన్న డాక్టరు' అనేవాళ్ళు. నెత్తి పండిపోయింది గాని ఆ వెన్న ఇంకా అలాగే ఉంది.

అక్క నవ్వింది. "మీరు చిక్కిపోయారు డాక్టరుగారూ."

"వయసు కదమ్మా. మీకైనా నాకైనా."

ఆ గదికి చుక్క రావడం ఇది పన్నెండోసారి. ప్రతిసారీ ఆయన నోట ఈ వయసన్న మాట ఎప్పుడో ఒకప్పుడు వచ్చేది. ఇవాళ మొదట్లోనే వచ్చేసింది. మంచిదే అనుకుని, చుక్క చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పరీక్ష మొదలైంది. డాక్టరు బల్ల మీద ముక్కలుగా ఊడదీసే ప్లాస్టిక్ మెదడు బొమ్మ ఉంది. దాన్ని పక్కకి జరిపి కాగితం, పెన్సిలు ముందు పెట్టాడు.

"మూడు మాటలు చెప్తానమ్మా. కాసేపటికి మళ్ళీ అడుగుతాను. చెంచా. కిటికీ. గుర్రం."

"ఆ గుర్రం ఇంకా బతికే ఉందా?" అంది అక్క.

డాక్టరు పకపకా నవ్వాడు. ఇంకో రోజైతే చుక్క కూడా నవ్వేది. ఆరేళ్ళుగా అవే మూడు మాటలు. మొదటిసారి అక్క మూడూ చెప్పి, "ఇంతేనా, ఇంకేమన్నా కష్టమైనవి అడగండి" అంది. అప్పటికి జబ్బులా కనబడిందేమీ లేదు. వంట మధ్యలో వస్తువుల పేర్లు నోటికి రాకపోవడం, పగలంతా తెరిపి లేని నీరసం, అంతే. ఆ తర్వాత రెండు మాటలయ్యాయి. తర్వాత ఒకటి.

గడియారం బొమ్మ గీయమన్నాడు. అక్క శ్రద్ధగా గుండ్రం చుట్టి, అంకెలన్నీ ఒక పక్కకే కుక్కి, రెండో పక్క ఖాళీగా వదిలేసింది. అలా వదిలేసినట్టు ఆమెకి తెలియలేదు. పెన్సిలు కింద పెట్టి, బడిపిల్లలా చేతులు కట్టుకుంది.

"ఇందాక నేను చెప్పిన మాటలేంటమ్మా?"

అక్క చుక్క వైపు చూసింది. "ఈయన ఏమన్నా చెప్పాడా?"

డాక్టరు తల పంకించి ఫైల్లో రాసుకున్నాడు. "పోయినసారికంటే కొంచెం తగ్గింది. కంగారేం లేదు. వయసుతో వచ్చే మరుపే. ఇవే మాత్రలు వాడండి. ఆరు నెలల తర్వాత చూద్దాం."

"రక్తపరీక్ష ఏమన్నా రాస్తారా డాక్టరుగారూ?" అని అడిగింది చుక్క.

"ఎందుకమ్మా, అనవసరంగా ఆవిడ్ని పొడిపించడం?"

ఈ ప్రశ్నా జవాబూ కూడా ప్రతిసారీ ఉన్నవే. అంత పెద్ద డాక్టరు వద్దంటే అవసరం లేదనే ఆరేళ్ళూ నమ్మింది. ఇవాళ చుక్క కావాలనే అడిగింది. ఆయన మారుమాట్లాడకుండా రాసి ఇచ్చి ఉంటే లేచి వెళ్ళిపోయేదేమో. ఆమెకే తెలియదు. ఆయన రాయలేదు. కలం మూత పెట్టాడు.

చుక్క ఫైలు అందుకుని మూసేసింది.

"ఇప్పుడు నేను మూడు మాటలు చెప్తాను డాక్టరుగారూ. మీరు గుర్తుపెట్టుకోవాలి."

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "చెప్పమ్మా."

"స్పిరిటు. సానరాయి. శనివారం."

నవ్వు మొహం మీద ఉన్నచోటే ఆగిపోయింది. కళ్ళు మాత్రం తలుపు వైపు వెళ్ళి వచ్చాయి.

"శనివారం శనివారం బలం సూదులు వేయించేవారు మీరు," అంది చుక్క. "నీరసమని ఎవరూ సెలవు పెట్టకూడదని. ప్యాకింగ్ వాళ్ళంతా జాకెట్టు చెయ్యి ఎడమ జబ్బ మీదికి మడుచుకుని డిస్పెన్సరీ కిటికీ ముందు వరస కట్టేవాళ్ళు. గాజు సిరంజి ఒకటి, సూది ఒకటి. పొద్దున ఒకసారి నీళ్ళలో మరిగించేవాళ్ళు. ఆ తర్వాత మనిషికీ మనిషికీ మధ్య స్పిరిటు దూదితో ఒక్క తుడుపు. ముప్ఫైమంది అయ్యేసరికి సూది మొద్దుబారేది. కాంపౌండరు సానరాయి మీద నాలుగుసార్లు గీసి, ముప్ఫై ఒకటో మనిషికి పొడిచేవాడు. మీరు పక్క కుర్చీలో కూర్చుని పేర్లకి టిక్కులు పెట్టేవారు. గుర్తున్నాయా, మూడు మాటలూ?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం చాలాసేపు సాగింది. మళ్ళీ పెట్టుకునేసరికి గొంతులోకి వెన్న తిరిగి వచ్చింది.

"చూడమ్మా. అప్పటి రోజులు వేరు. అందరూ గాజు సిరంజిలే వాడేవాళ్ళు. ఆ జబ్బుకి అప్పటికింకా పేరు కూడా సరిగ్గా లేదు. కాంపౌండరు పోయి కూడా పదేళ్ళయింది. ఇప్పుడు ఎవర్ని అని ఏం లాభం?"

"నిజమే. అప్పట్లో మీకు తెలీదు. ఆ తప్పుకి నేను రాలేదు."

"మరి?"

"మీ రక్తం చూశాను నేను."

 అక్క ప్లాస్టిక్ మెదడుని దగ్గరికి లాక్కుని ముక్కలు విప్పుతోంది.

"పేషెంటు రిపోర్టు గడప దాటించావంటే నీ ఉద్యోగం ఊడుతుంది. తెలుసా నీకు?"

ఆరేళ్ళలో మొదటిసారి ఆయన నోట్లోంచి 'నువ్వు' వచ్చింది. చుక్కకి ఎక్కడో చల్లగా అనిపించింది.

"కాగితమేదీ తేలేదు డాక్టరుగారూ. నా బుర్రలో ఉంది, అంతే. మా ఇంట్లో ఒకరికైనా బుర్ర పనిచేస్తోంది కదా."

"నీ బుర్రలో ఉన్నది సగమే." ఆయన కుర్చీలో ముందుకి వంగాడు. చదువుకున్న మనిషి, వాదన దొరికింది. "ల్యాబులో పనిచేస్తున్నావుగా. నూటికి పాతికమందికి ఆ వైరస్ ఏ మందూ లేకుండా దానంతటదే పోతుంది. నాకూ అలాగే పోయింది. పోయాక కూడా ఆ గుర్తు రక్తంలో ఉండిపోతుంది. దాన్ని పట్టుకుని ఇంత కథ అల్లుకొచ్చావా?"

 పదకొండు రోజులుగా చుక్క నిద్ర చెడగొట్టిన అనుమానం అదే. ఆయన ఆ పాతికమందిలో ఒకడేమో, తనకి వచ్చిన సంగతి కూడా ఎరగడేమో, ఎరగని మనిషి మీద పగపట్టానేమో అని. ఇప్పుడిక ఆ అనుమానం అక్కర్లేదు.

"అంటే మీకు వచ్చిందని మీకు తెలుసన్నమాట."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎలా పోయిందో నాకు పని లేదు," అంది చుక్క. "వచ్చిందని ఎప్పట్నుంచి తెలుసు? అది చెప్పండి చాలు."

ఆయన చేతులు బల్ల మీద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. వేలిమీద సూది కుట్టిన మచ్చ కోసం వెతుకుతున్నట్టు బొటనవేలితో చూపుడువేలు రుద్దుకున్నాడు. అబద్ధం కోసం వెతికి, దొరక్క, ఆఖరికి నిజమే చెప్పాడు.

"తొమ్మిదేళ్ళు. ఫ్యాక్టరీలో కాంపౌండరు రాని రోజుల్లో నేనే వేసేవాణ్ణి. రెండు మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. నీరసం ఎక్కువైతే తొమ్మిదేళ్ళ కింద వేరే ఊళ్ళో పరీక్ష చేయించుకున్నాను."

"మందు?"

"మాత్రలు. రోజుకొకటి. పన్నెండు వారాలు."

"పన్నెండు వారాలు," అంది చుక్క. ఆ మాటని నోట్లో నమిలినట్టు అంది. "అది అయిన మూడేళ్ళకి మా అక్క ఈ కుర్చీలో కూర్చుంది. మొహం చూడగానే గుర్తుపట్టారు. పెద్దక్కగారూ అన్నారు. ఏ వరసలో నిలబడిన మనిషో తెలుసు. మీకు వచ్చిందే ఈవిడకీ వచ్చి ఉంటుందని తెలుసు. మందుందని కూడా తెలుసు. పన్నెండుసార్లు అడిగాను రక్తపరీక్ష రాయమని. పన్నెండుసార్లు వయసన్నారు."

"ఆ వైరస్ లివర్‌ది. ఈ మరుపంతా దానివల్లే అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు."

"చెప్పలేరు. మొన్న అక్కని చూసిన లివర్ డాక్టరమ్మ కూడా మొత్తం దానివల్లే అని నేను చెప్పలేను అంది. కానీ అన్నేళ్ళు ఒంట్లో ఉండి లోలోపల మంట పెడుతూ ఉంటే మనిషి ముందే ముసలిదైపోతుందంది. బుర్ర కూడా మందగిస్తుందంది. దానికి తోడు లివర్ చెడిపోయి, అది వడకట్టాల్సిన విషం తలకెక్కుతోందంది. సోమవారం మందు మొదలుపెడతారు. వైరస్ చస్తుంది. విషం ఎక్కడం తగ్గితే కొంత తేరుకోవచ్చు. కొంత ఇక రాదు. ఆరేళ్ళ కింద తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అంది. ఎందుకు తేలేదని నన్ను అడిగింది డాక్టరుగారూ. నన్ను అడిగింది."

చుక్క ఫైలు తెరిచి ఆయన ముందుకి తోసింది.

"ఎందుకు రాయలేదు?"

డాక్టరు కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు. "ఒక్కరికి తేలితే ఎక్కడ అంటుకుందని అడుగుతారు. రెండోవాళ్ళకి తేలుతుంది. మూడోవాళ్ళకి. అందరూ వేలు పెట్టి నా గుమ్మమే చూపిస్తారు. ఈ క్లినిక్కు, ఈ పేరు... అంతా పోతుంది. రాద్దామనుకున్నాను. ప్రతిసారీ అనుకున్నాను. వచ్చేసారి రాద్దాంలే అనుకున్నాను."

అక్క మెదడు ముక్కల్ని వరసగా బల్ల మీద పేర్చింది. మళ్ళీ ఎలా కలపాలో తెలియక ఒక ముక్కని ఇటు తిప్పీ అటు తిప్పీ చూస్తోంది. డాక్టరు ఆ చేతుల్ని చూసి చూపు తిప్పేసుకున్నాడు.

"ఏం కావాలి నీకు? పోలీసులా? పేపర్లా?"

"వాళ్ళ దగ్గరికి వెళ్తే మీరు వకీలుని పెట్టుకుంటారు. వకీలు మాట్లాడతాడు. మీరు ఇంట్లో కూర్చుంటారు." చుక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఈ మాటలు ఆమె పదకొండు రోజులుగా అద్దం ముందు అనుకున్నవి. "ప్యాకింగ్ సెక్షనులో ఎనభైమందిలో ఇప్పటికి పద్నాలుగుమందిని వెతికి పట్టుకున్నాను. వాళ్ళ రక్తం నేనే చూశాను. తొమ్మిదిమందికి ఉంది. మిగతావాళ్ళని కూడా వెతుకుతాను. రేపట్నుంచి రోజుకొకరు వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటారు. మీరు వాళ్ళ చెయ్యి పట్టుకుని, మొహంలోకి చూస్తూ, ఆ శనివారాలు ఏం జరిగిందో, తొమ్మిదేళ్ళుగా మీకేం తెలుసో చెప్పాలి. మీ నోటితో మీరే చెప్పాలి. విని మరిచిపోయినవాళ్ళు మర్నాడు మళ్ళీ వస్తారు. మళ్ళీ చెప్పాలి."

"ఎన్నాళ్ళు?"

"వాళ్ళకి గుర్తుండేదాకా."

ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. "ఇది మనుషులు చేసే పనేనా?" అన్నాడు.

"కాదు," అంది చుక్క. "మా అక్కతో మొదలుపెట్టండి."

  ఆయన లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అక్క ముందున్న ఎత్తుపీట మీద కూర్చున్నాడు. అక్క చేతిలోంచి ప్లాస్టిక్ ముక్క తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. అక్క సంతోషంగా చూసింది. ఈ మధ్య ఆమె చెయ్యి పట్టుకునేవాళ్ళు తక్కువ.

ఆయన చెప్పాడు. మొదట డాక్టరు మాటల్లో చెప్పబోతే "మామూలుగా చెప్పండి" అంది చుక్క. మామూలుగా చెప్పాడు. ఒక సూదితో అందరికీ పొడిచాం అన్నాడు. ఆ సూది వల్ల జబ్బు వచ్చింది అన్నాడు. నాకు తెలిసింది, నేను బాగుచేసుకున్నాను, వాళ్ళకి చెప్పలేదు అన్నాడు. 

అక్క అంతా విన్నది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో పాపం," అంది. "ఎవరండీ ఆ ఆడవాళ్ళు?"

డాక్టరు ఆ చెయ్యి వదిలేసి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఈ క్షణం కోసమే చుక్క పదకొండు రోజులు నవ్వింది. ఆయన కుంగిపోతే చూడాలని, ఆ వెన్నంతా కారిపోతే చూడాలని. చూసింది. చల్లారుతుందనుకున్నది చల్లారలేదు. పైగా ఇంకా కావాలనిపించింది. లేచి వెళ్ళి గది తలుపు బార్లా తెరిచింది.

బయట స్టీలు కుర్చీల వరసలో తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. తొమ్మిదిమందీ ఒకేలా నలిగిపోయి, పసుపు తిరిగిన కళ్ళతో, యాభైల్లోనే అరవై ఐదూ డెబ్భైల్లా. ఒకామెకి కూతురు బొత్తాలు సర్దుతోంది. ఒకామె టోకెను కాగితాన్ని మడతమీద మడత పెడుతోంది. రేపట్నుంచి ఆ కుర్చీలో కూర్చోబోయేది వీళ్ళే. సూది సంగతి వాళ్ళకి చుక్క నిన్ననే చెప్పి, ఇవాళ రమ్మంది. అందరికీ గుర్తుందో లేదో తెలియదు. తలుపు తెరుచుకోగానే డాక్టర్ని చూసి, ఎవరూ చెప్పకుండానే, ఒకరి వెనక ఒకరు లేచి నిలబడ్డారు.

"వీళ్ళే అక్కా," అంది చుక్క.

అక్క గుమ్మం దాకా వచ్చింది. ఒక్కొక్క మొహమే చూసింది. ఆమె నడుం నిటారుగా అయింది. మూడేళ్ళుగా వినని గొంతు బయటికి వచ్చింది, ఖంగుమని, మిషన్ల చప్పుడు మీద కూడా వినబడే ఇన్‌ఛార్జి గొంతు.

"ఇవాళ శనివారమా? గుంపుగా తోసుకోకండి. వరసలో రండి. సూది పడ్డవాళ్ళు దూది గట్టిగా అదిమి పట్టుకోండి."

అంటూనే తన జాకెట్టు ఎడమ చేతిని భుజం మీదికి మడుచుకుంది. వరసలో ఇద్దరు ముగ్గురి చేతులు కూడా వాటంతటవే ఎడమ భుజాల మీదికి వెళ్ళాయి. కూతుళ్ళు ఆపబోయారు.

అక్క వెనక్కి తిరిగింది. చుక్క మణికట్టు పట్టుకుని డాక్టరు ముందుకి లాగింది.

"దీనికి ముందు వెయ్యండి డాక్టరుగారూ. జ్వరం తగ్గిన దగ్గర్నుంచి కాళ్ళు నిలవడం లేదు పిల్లకి. పోయిన శనివారం వేస్తే ఏడవను కూడా లేదు, నా బంగారం."

చుక్క అక్క మొహంలోకి చూసింది. అక్క మొహంలో ఏ తడబాటూ లేదు. నిన్నటి భోజనం గుర్తులేని మనిషికి ముప్ఫై ఐదేళ్ళ కిందటి శనివారం అద్దంలో కనబడ్డట్టు కనబడుతోంది.

చుక్కకి ఏదీ జ్ఞాపకం లేదు. సెలవురోజుల్లో అక్క వెంట ఫ్యాక్టరీకి వెళ్ళడం, డిస్పెన్సరీ అరుగు మీద విరిగిన బిస్కెట్లు తింటూ కూర్చోవడం, అంతవరకే. నెమ్మదిగా డాక్టరు వైపు తిరిగింది.

"నిజమేనా?"

ఆయన పీట మీదనుంచి లేవలేదు. ఇందాక దొరికిన నిజాలన్నిటికంటే ఇది ఆయనకి బరువుగా ఉన్నట్టుంది. నేలకేసి చూస్తూ అన్నాడు.

"పిల్లలకి సగం మోతాదే వేసేవాళ్ళం."

"సూది?"

ఆయన తలుపు అవతల నిలబడ్డ వరస వైపు చూశాడు.

మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేరు. తోటి టెక్నీషియను భోజనానికి వెళ్ళింది. చుక్క అక్కని తన స్టూలు పక్కన కూర్చోబెట్టుకుని, సొరుగులోంచి పరీక్ష కిట్టు తీసింది. ఉద్యోగంలో చేరినప్పుడు ఆమెకి బి రకానికి టీకా వేశారు. సి రకం సంగతి ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళుగా వేలమంది రక్తం చూస్తూ తన రక్తం చూసుకోవాలని ఆమెకి ఒక్కసారీ తోచలేదు.

వేలికొసన గుచ్చుకుంది. ఒక బొట్టు రక్తం పట్టీ మీద వేసి, మందు రెండు బొట్లు వదిలింది. ఇరవై నిమిషాలు ఆగాలి. పట్టీ బాగుందనడానికి ఒక గీత వస్తుంది. జబ్బు సోకిందంటే దాని కింద రెండోది.

రేపు ఆ కుర్చీలో మొదట ఎవరు కూర్చోవాలో చుక్క నిర్ణయించేసుకుంది. గీతలెన్ని వచ్చినా తనే కూర్చుంటుంది. చెయ్యి చాపి ఆయన చేతిలో పెడుతుంది. చెప్పండి, ఏడేళ్ళ పిల్లకి ఏం చేశారో చెప్పండి అంటుంది. ఆయన చెప్పలేక నీళ్ళు నములుతుంటే చూస్తుంది. ఆ ఊహని పట్టుకునే ఇరవై నిమిషాలూ గోడకేసి చూస్తూ కూర్చుంది. పట్టీ వైపు చూడలేదు. చూడటానికి మెడ తిరగలేదు.

బల్ల మీద గడియారం మోగింది.

అక్క చెయ్యి చాచి పట్టీని తీసుకుంది. వెలుతురుకేసి పట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది.

"ఇదేంటే చుక్కా? ఇందులో ఎన్ని గీతలుండాలి?"

"ఒక్కటే అక్కా." చుక్క కళ్ళు మూసుకుంది. "ఒక్కటే ఉండాలి. లెక్కపెట్టి చెప్పు."

అక్క వేలు పట్టీ మీద ఆనింది.

"ఒకటి," అంది. వేలు కొంచెం కిందికి జరిగింది.